ఒకే హాలు లైటుకి ఐదు ఆదేశాలు: గ్రూప్ అడ్రసులు ఎలా కట్టాలి?

#1 కొత్తవైరు

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒకే చోట ఆగిపోయాను, సాయం కావాలి.

రెండంతస్తుల ఇల్లు, మొత్తం కేఎన్‌ఎక్స్ (బటన్లు, సెన్సర్లు, రిలేలు ఒకే బస్ వైరు మీద మాట్లాడుకునే పద్ధతి). కింద లైను 1.1, పైన లైను 1.2. ఎనిమిది ఛానెళ్ల స్విచ్ యాక్చుయేటర్‌లో (ఆదేశం విని రిలేతో లైటు వేసే, ఆర్పే పరికరం) మొదటి ఛానెల్ మీద హాలు లైటు ఉంది. దానికి ఐదు వైపుల నుంచి ఆదేశాలు రావాలి. తలుపు పక్కన ఒక బటన్, మెట్ల పైన ఒక బటన్, బయటికి వెళ్లేటప్పుడు నొక్కే 'అన్నీ ఆఫ్' బటన్, హాల్లో మోషన్ సెన్సర్, ఇంకా 'సినిమా' అనే సీన్.

ఈటీఎస్‌లో (కేఎన్‌ఎక్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) ఛానెల్ స్విచింగ్ ఆబ్జెక్టుకి (పరికరం ఆదేశాలు వినే, పంపే చోటు) 1/0/1 (హాలు లైటు), 0/0/1 (అన్నీ ఆఫ్) అనే గ్రూప్ అడ్రసులు రెండూ లింక్ చేశాను. లైటు రెండింటికీ పలుకుతోంది. ఇబ్బందులు ఇవి.

'అన్నీ ఆఫ్' నొక్కాక తిరిగి వచ్చి తలుపు బటన్ నొక్కితే లైటు వెలగదు. రెండోసారి నొక్కితేనే వెలుగుతుంది. లైటు ఆరిపోయినా బటన్ మీద ఎల్‌ఈడీ మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

రెండోది, 'అన్నీ ఆఫ్' బటన్ ఆబ్జెక్టుకే 0/0/2 కూడా కట్టాను. అది ఇంట్లో కర్టెన్లన్నీ మూయడానికి పెట్టుకున్న అడ్రసు. ఒక్క నొక్కుకి రెండూ వెళ్తాయనుకున్నాను. లైట్లు ఆరుతున్నాయి, కర్టెన్లు కదలడం లేదు. బటన్ పాడైందేమోనని మార్చి కూడా చూశాను, అదే వరస.

#2 బస్‌లైన్

బటన్ బాగానే ఉందండీ, దాన్ని మార్చక్కర్లేదు. మీరు చూసిన రెండు ఇబ్బందులకీ మూలం ఒకటే.

ఒక ఆబ్జెక్టుకి ఎన్ని గ్రూప్ అడ్రసులైనా కట్టొచ్చు. వాటన్నింటి మీదా అది వింటుంది. మాట్లాడేది మాత్రం ఒక్క అడ్రసు మీదే. మనిషిని ఇంట్లో ముద్దుపేరుతో పిలుస్తారు, బళ్ళో హాజరు పేరుతో పిలుస్తారు, స్నేహితులు ఇంకో పేరు పెడతారు. ఏ పేరుతో పిలిచినా పలుకుతాడు. సంతకం మాత్రం ఒకటే పెడతాడు. ఇదీ అంతే.

ఈటీఎస్‌లో మీరు మొదట లింక్ చేసిన అడ్రసే పంపే అడ్రసు అవుతుంది. పక్కన ఎస్ అనే గుర్తు కనిపిస్తుంది. దాన్ని వేరే అడ్రసుకి మార్చుకోవచ్చు కానీ ఒకేసారి రెండింటికి ఇవ్వలేరు. మీ 'అన్నీ ఆఫ్' బటన్‌కి మొదట కట్టింది 0/0/1, కాబట్టి టెలిగ్రామ్ (బస్ మీద వెళ్లే సందేశం) అక్కడికే వెళ్తోంది. 0/0/2 మీద ఆ బటన్ వింటోంది, అంతే. పంపడం లేదు.

యాక్చుయేటర్ వైపు ఇది వరం. వినేవాడికి ఎన్ని పేర్లున్నా ఇబ్బంది లేదు. బటన్ వైపు మాత్రం చాలామంది ఇక్కడే పొరబడతారు.

#3 మీటనొక్కు

రెండుసార్లు నొక్కాల్సి రావడం గురించి నేను చెప్తాను. నా మొదటి ప్రాజెక్టులో సరిగ్గా దీని మీదే వారం పోయింది.

మీ తలుపు బటన్ టాగుల్ మోడ్‌లో ఉండి ఉంటుంది. టాగుల్ బటన్‌కి లైటు సంగతి తెలియదు. దానికి తెలిసింది తన ఆబ్జెక్టులో చివరగా ఉన్న విలువ ఒక్కటే. నొక్కగానే ఆ విలువని తిరగేసి పంపుతుంది. గ్రూప్ మానిటర్ (బస్ మీది టెలిగ్రాముల్ని చూపే ఈటీఎస్ తెర) తెరిచి వరసగా చూస్తే తేటతెల్లంగా కనిపిస్తుంది. మీ ఇంట్లో జరిగేది ఇలా ఉంటుంది (చుక్కలున్నది పంపిన పరికరం సొంత చిరునామా):

1.1.12 నుంచి 1/0/1 కి, విలువ 1. తలుపు బటన్ నొక్కారు, లైటు వెలిగింది. బటన్ లోపల ఇప్పుడు 1 ఉంది.
1.1.20 నుంచి 0/0/1 కి, విలువ 0. 'అన్నీ ఆఫ్' నొక్కారు, లైటు ఆరింది. తలుపు బటన్ 0/0/1 వినడం లేదు. దాని లోపల ఇంకా 1 ఉంది.
1.1.12 నుంచి 1/0/1 కి, విలువ 0. మళ్లీ తలుపు బటన్ నొక్కారు. అది 1ని తిరగేసి 0 పంపింది. లైటు అప్పటికే ఆరి ఉంది కనుక మనకేమీ కనపడదు.
1.1.12 నుంచి 1/0/1 కి, విలువ 1. రెండో నొక్కు. ఇప్పుడు వెలిగింది.

ఎల్‌ఈడీ వెలుగుతూ ఉండటానికీ కారణం అదే. అది ఆబ్జెక్టులో ఉన్న 1ని చూపిస్తోంది.

పరిష్కారం: తలుపు బటన్ ఆబ్జెక్టుకి 1/0/1 పంపే అడ్రసుగా ఉంచి, రెండో అడ్రసుగా 0/0/1 కూడా కట్టండి. ఆ ఆబ్జెక్టుకి డబ్ల్యూ ఫ్లాగ్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే బయటినుంచి వచ్చే విలువని తీసుకోదు.

#4 పాత_ప్యానెల్

మీటనొక్కు గారు చెప్పిన వరస అక్షరాలా నిజం. కానీ ఆ పరిష్కారం నేను వాడను, ఎవరికీ చెప్పను కూడా.

0/0/1ని బటన్‌కి కట్టడమంటే లైటుకి ఏ ఆదేశం వెళ్లిందో బటన్‌కి కూడా వినిపించడం. ఆదేశం వెళ్లింది కాబట్టి లైటు పాటించే ఉంటుందని ఊహించడం. ఈ ఊహ ఎక్కడ తప్పుతుందో చూడండి. 'సినిమా' సీన్ ఒక బైటు టెలిగ్రామ్. బటన్ ఆబ్జెక్ట్ ఒక బిట్టు. పొడవులు కలవనివి ఒకే అడ్రసుకి లింక్ కావు, ఈటీఎస్ ఒప్పుకోదు. అంటే సీన్‌తో లైటు ఆరితే బటన్‌కి ఎప్పటికీ తెలియదు. యాక్చుయేటర్ లోపల మెట్ల లైటు టైమర్ పెట్టి, అది తనంతట తానే ఆరినా తెలియదు. ఛానెల్ లాక్ అయి ఆదేశాన్ని పట్టించుకోకపోతే? బటన్ 'ఆన్' అనుకుంటుంది, లైటు ఆఫ్‌లో ఉంటుంది.

లైటు వెలుగుతోందో లేదో తెలిసింది యాక్చుయేటర్‌కి మాత్రమే. రిలే దాని చేతిలో ఉంది. కాబట్టి దాన్నే అడగాలి. ప్రతి ఛానెల్‌కీ స్టేటస్ ఆబ్జెక్ట్ అని వేరేగా ఉంటుంది. దానికి సొంత అడ్రసు ఇవ్వండి, ఉదాహరణకి 1/4/1. టి ఫ్లాగ్ (తనంతట తాను పంపే అనుమతి) ఉండాలి, మారినప్పుడల్లా పంపేలా పారామీటర్ పెట్టాలి. తర్వాత తలుపు బటన్, మెట్ల బటన్ రెండింటికీ 1/0/1 పంపే అడ్రసు, 1/4/1 వినే అడ్రసు. అంతే. రేపు పదో ఆదేశం చేర్చినా బటన్ల జోలికి వెళ్లనక్కర్లేదు.

ఆదేశం ఒక దారి, జవాబు ఇంకో దారి. ఈ రెండూ ఎప్పుడూ కలపకండి.

#5 మీటనొక్కు

ఒప్పుకుంటున్నాను, ప్యానెల్ గారు. నాది లైట్లు మాత్రమే ఉన్న చిన్న ఇల్లు, సీన్లు లేవు, అందుకని సరిపోయింది. ఇక్కడ సీన్ ఉంది కనుక స్టేటస్ దారే సరైనది.

#6 వెలుగుతోట

ఆదేశం, జవాబు కలిపితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను, చెప్తాను. ఇంకొకరు మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన పని నా చేతికి వచ్చింది. ఇంటివాళ్ల ఫిర్యాదు ఏమిటంటే, స్నానాలగది లైటు వేస్తే ఇల్లంతా వెలుగుతోంది. రాత్రి రెండింటికి పాప లేచి లైటు వేస్తే అందరి గదుల్లో లైట్లు. వాళ్లు భయపడి ఆ బటన్ మీద టేపు అంటించారు.

మానిటర్ పెట్టి చూశాను. స్నానాలగది ఛానెల్ స్టేటస్ ఆబ్జెక్టుకి ఎవరో 0/0/1 కట్టారు, అదే మొదటి అడ్రసు. లైటు వెలగ్గానే ఆ ఛానెల్ 'నేను ఆన్‌లో ఉన్నాను' అని 1 పంపేది. పంపింది ఎక్కడికి? ఇంట్లో ప్రతి ఛానెలూ చెవి పెట్టి వింటున్న అడ్రసుకి. అవన్నీ దాన్ని ఆదేశంగా తీసుకుని వెలిగేవి. ఆ ఒక్క లింకు తీసేసి, ఆ యాక్చుయేటర్‌కి ఈటీఎస్ నుంచి సెట్టింగులు మళ్లీ డౌన్‌లోడ్ కొట్టాను. టేపు నేనే పీకాను.

కొత్తవైరు గారూ, మీ స్టేటస్ ఆబ్జెక్టులకి ఒక్కొక్కదానికి ఒకే అడ్రసు ఉండాలి. అది ఆదేశాల అడ్రసు కాకూడదు.

#7 కొత్తవైరు

చదువుతుంటేనే నా ప్రాజెక్టు తెరిచి చూసుకున్నాను. అలాంటి లింకు లేదు, హమ్మయ్య. స్టేటస్ అడ్రసులు మాత్రం అసలు చేయలేదు. ఈ రాత్రి చేస్తాను.

'అన్నీ ఆఫ్' బటన్ సంగతి అర్థమైంది. మరి కర్టెన్లు ఎలా? ఆ రెండూ ఒకే నొక్కుతో వెళ్లాలని ఇంటివాళ్లు ముందే అడిగారు.

#8 బస్‌లైన్

అవి ఒకే అడ్రసు మీద వెళ్లకపోవడం మీ అదృష్టం కూడాను. లైటుకి 0 అంటే ఆఫ్. కర్టెన్లకి, బ్లైండ్లకి వాడే డీపీటీ (డేటా రకం) 1.008లో 0 అంటే పైకి, 1 అంటే కిందికి. కర్టెన్ల ఛానెళ్లకి 0/0/1 నేరుగా కట్టి ఉంటే ఇంటివాళ్లు బయటికి వెళ్లేటప్పుడు లైట్లు ఆరి కర్టెన్లన్నీ తెరుచుకునేవి.

లైట్లకి 0, కర్టెన్లకి 1 వెళ్లాలి. అంటే ఒకే విలువ ఉన్న ఒకే టెలిగ్రామ్‌తో పని జరగదు. రెండు దారులున్నాయి. కొన్ని బటన్లలో ఒక్క నొక్కుకి రెండు ఆబ్జెక్టులు పంపే పారామీటర్ ఉంటుంది. ఒక ఆబ్జెక్టుకి 0/0/1, రెండోదానికి 0/0/2 ఇచ్చి, వేరువేరు విలువలు పెట్టొచ్చు. మీ బటన్‌లో అది లేకపోతే సీన్ వాడండి. నాకు ఇష్టమైనది సీన్ దారే.

#9 వెలుగుతోట

సీన్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఒకే ఆదేశానికి ఒక్కో పరికరం ఒక్కో రకంగా స్పందించాలంటే ఇంతకన్నా చక్కని పద్ధతి నాకు తెలియదు.

బటన్ పంపేది ఒక నంబరు మాత్రమే. 'సీన్ 5' అంటుంది, ఇంకేమీ చెప్పదు. ఏం చేయాలో ప్రతి ఛానెల్ దగ్గరా ముందే రాసి ఉంటుంది. హాలు లైటు దగ్గర సీన్ 5కి ఆఫ్, కర్టెన్ దగ్గర కిందికి, మూల దీపం డిమ్మర్ దగ్గర 10 శాతం. అన్నీ ఒకే సీన్ అడ్రసు వింటాయి, ఉదాహరణకి 0/3/1. 64 సీన్ల వరకు ఒకే అడ్రసు మీద నడుస్తాయి. 'బయటికి' ఒక నంబరు, 'సినిమా' ఇంకో నంబరు, 'నిద్ర' మరొకటి. ఒకే అడ్రసు, ఎన్నో ఆదేశాలు.

రెండు చోట్ల జాగ్రత్త. వైరు మీద సీన్ నంబర్లు 0 నుంచి 63 వరకు వెళ్తాయి. పారామీటర్లలో మాత్రం చాలా చోట్ల 1 నుంచి 64 అని చూపిస్తారు. ఒక పరికరం తెరమీద 5 అంటే వైరు మీద 4. విజువలైజేషన్‌లోనో, వేరే కంపెనీ గేట్‌వేలోనో సున్నా నుంచి లెక్కపెడితే ఒక సీన్ పక్కకి జరిగిపోతుంది. 'సినిమా' నొక్కితే 'నిద్ర' వస్తుంది.

రెండోది సేవ్ చేయడం. సీన్ టెలిగ్రామ్‌లో పై బిట్టు 1 అయితే 'ఇప్పుడున్న స్థితిని గుర్తుపెట్టుకో' అని అర్థం. చాలా బటన్లలో ఎక్కువసేపు నొక్కితే అదే వెళ్తుంది. పిల్లలున్న ఇంట్లో వారం తిరిగేలోపు మీరు కష్టపడి సరిచేసిన సీన్లన్నీ మారిపోతాయి. బటన్‌లో కానీ ఛానెల్‌లో కానీ సేవ్ ఆపేయండి.

#10 సర్వర్‌రూమ్

ఇన్ని అడ్రసులు, ఇన్ని లింకులు ఎందుకు? బటన్ ఒక టెలిగ్రామ్ పంపితే, లాజిక్ సర్వర్ దాన్ని పట్టుకుని లైట్లకి ఒకటి, కర్టెన్లకి ఒకటి, ఏసీకి ఒకటి పంపేలా పది నిమిషాల్లో రాసేయొచ్చు. మార్చాలన్నా ఒకే చోట మార్చొచ్చు. ఒక్కో పరికరానికీ డౌన్‌లోడ్ కొట్టే పని ఉండదు.

#11 పాత_ప్యానెల్

సర్వర్ ఉన్నంతసేపూ మీరు చెప్పింది నిజమే. అది ఆగిన రోజు సంగతి చూడండి.

ఒక ఇంట్లో మెట్ల లైటుతో సహా అన్నీ సర్వర్ ద్వారానే నడిపారు. సర్వర్ మెమరీ కార్డు పోయింది. ఇంటి పెద్దాయన రాత్రంతా ఫోను టార్చి పట్టుకుని మెట్లు ఎక్కారు, దిగారు. బటన్ బాగుంది, యాక్చుయేటర్ బాగుంది, మధ్యలో ఉన్న మూడో మనిషి లేడు. బటన్‌కీ లైటుకీ నేరుగా లింకు ఉంటే సర్వర్ చచ్చినా, నెట్ పోయినా, బస్ పవర్ సప్లై ఉన్నంతకాలం లైటు వెలుగుతుంది. పరికరాల్లోనే బుద్ధి పంచి పెట్టిన సిస్టమ్ కేఎన్‌ఎక్స్. ఆ బలాన్ని మనం చేజేతులా వదులుకోకూడదు.

లాజిక్ సర్వర్‌కి వేరే పనులున్నాయి. సూర్యాస్తమయం లెక్క, వాతావరణం, ఫోను యాప్, ఇంట్లో ఎవరూ లేరని గుర్తించడం. అవి దానికి ఇవ్వండి. గోడ మీద బటన్ నొక్కితే దీపం వెలగడం మాత్రం ఎవరి దయ మీదా ఉండకూడదు.

#12 సర్వర్‌రూమ్

మెట్ల లైటు గురించి మీరు చెప్పాక ఒప్పుకోక తప్పదు. గోడ బటన్లు నేరుగా, మిగతావి సర్వర్‌లో. నా తర్వాతి పనిలో అలాగే చేస్తాను.

#13 కొత్తవైరు

స్టేటస్ పని పూర్తి చేశాను. తలుపు బటన్ ఇప్పుడు ఒక్క నొక్కుకే పలుకుతోంది, ఎల్‌ఈడీ సరిగ్గా ఆరుతోంది. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

కానీ మెట్ల పైన ఉన్న బటన్ అదే పాత వరస. లింకులు రెండింటికీ ఒకేలా ఉన్నాయి. డౌన్‌లోడ్ రెండింటికీ కొట్టాను. పై బటన్ 1.2.7.

#14 బస్‌లైన్

మీ బటన్ పై లైనులో ఉంది, యాక్చుయేటర్ కింది లైనులో. మధ్యలో లైన్ కప్లర్లు (లైన్లని కలిపే పరికరాలు) ఉన్నాయి కదా, 1.1.0, 1.2.0. వాటికి డౌన్‌లోడ్ కొట్టారా?

కప్లర్‌లో ఫిల్టర్ టేబుల్ ఉంటుంది. ఈ లైను నుంచి ఆ లైనుకి ఏ గ్రూప్ అడ్రసులు దాటాలో అందులో రాసి ఉంటుంది. 1/0/1 పాతది కాబట్టి దాటుతోంది, అందుకే పై బటన్ నొక్కితే లైటు పలుకుతోంది. 1/4/1 కొత్తది. కప్లర్‌కి ఆ పేరే తెలియదు, గుమ్మం దగ్గరే ఆపేస్తోంది. పై బటన్‌కి స్టేటస్ అందడం లేదు.

ఈటీఎస్ ఫిల్టర్ టేబుల్‌ని తనే లెక్కగడుతుంది, మీరు చేతితో ఏమీ రాయక్కర్లేదు. రెండు కప్లర్లనీ డౌన్‌లోడ్ చేయండి. వేరే లైనుకి దాటే కొత్త అడ్రసు కట్టిన ప్రతిసారీ ఇది గుర్తుంచుకోవాలి.

#15 కొత్తవైరు

కొట్టాను. పనిచేసింది! పైన ఎల్‌ఈడీ కూడా ఇప్పుడు నిజం చెబుతోంది.

ఇంక మిగిలింది మోషన్ సెన్సర్. దాన్ని కూడా 1/0/1కే కట్టాను. మనుషులు కదలకుండా కూర్చుని చదువుకుంటుంటే ఐదు నిమిషాలకి లైటు ఆరిపోతోంది. వాళ్లు తలుపు బటన్ నొక్కి వెలిగిస్తున్నారు. మళ్లీ ఆరిపోతోంది. టెన్షన్‌గా ఉంది, రేపు ఇంటివాళ్లు చూడటానికి వస్తున్నారు.

#16 మీటనొక్కు

స్విచింగ్ ఆబ్జెక్టుకి ఎన్ని అడ్రసులు కట్టినా వాటిలో పెద్ద, చిన్న అనే తేడా లేదు. చివరి మాటదే గెలుపు. మనిషి 1 పంపాడు, ఐదు నిమిషాలకి సెన్సర్ 0 పంపింది. లైటుకి రెండూ ఒకటే.

నేను చేసేది: సెన్సర్‌కి వేరే అడ్రసు ఇస్తాను, 1/0/51 అనుకోండి. దాన్ని కూడా ఛానెల్ స్విచింగ్ ఆబ్జెక్టుకి కడతాను. దీంతో చివరి మాట సమస్య తీరిపోదు. కానీ సెన్సర్ పంపిందేదో, మనిషి పంపిందేదో మానిటర్‌లో వేరుగా కనిపిస్తుంది, రేపు దాన్ని ఊడదీయాలన్నా ఒక్క లింకుతో పోతుంది. తర్వాత సెన్సర్ లాక్ ఆబ్జెక్టుకి 1/5/1 ఇచ్చి, తలుపు బటన్ ఎక్కువసేపు నొక్కితే లాక్ వెళ్లేలా పెడతాను. 'అన్నీ ఆఫ్' లేదా 'బయటికి' సీన్‌తో లాక్ విడిపోవాలి. లేకపోతే ఆ సెన్సర్ ఇక ఎప్పటికీ పనిచేయదు, ఎందుకో ఎవరికీ గుర్తుండదు.

ఇంకో మాట. హాల్లో కూర్చునే చోటికి కారిడార్ మోషన్ సెన్సర్ పనికిరాదు. చిన్న కదలికల్ని కూడా పట్టే ప్రెజెన్స్ డిటెక్టర్ కావాలి. వాటిలో చాలావాటికి చేతి ఆదేశం కోసం వేరే ఇన్‌పుట్ ఆబ్జెక్ట్ ఉంటుంది. బటన్ దానికి చెబుతుంది, అది లైటుకి చెబుతుంది, మనిషి మాటకి విలువ ఇస్తుంది.

#17 చల్లగాలి

నేను ఏసీలు, ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ల వైపు. మా వాళ్లు ఎక్కువగా బ్యాక్‌నెట్ (పెద్ద భవనాల పరికరాలు మాట్లాడుకునే ఇంకో పద్ధతి) వాడతారు. 'ఎవరి మాట గెలవాలి' అనే ప్రశ్నకి అక్కడ నేరుగా జవాబు ఉంది, మీకు ఉపయోగపడొచ్చు.

ఆదేశాలు తీసుకునే ప్రతి అవుట్‌పుట్‌కీ 16 మెట్ల ప్రయారిటీ పట్టిక ఉంటుంది. 1 అన్నిటికన్నా పైది. 1, 2 ప్రాణరక్షణకి, 8 ఆపరేటర్ చేతి ఆదేశానికి. మెట్టు చెప్పకుండా రాస్తే 16లో పడుతుంది. ఎంతమంది ఎన్ని మెట్ల మీద రాసినా, రాసి ఉన్నవాటిలో పైన ఉన్నదే అమలవుతుంది. కింద ఉన్నవి చెరిగిపోవు, తమ వంతు కోసం ఆగుతాయి. పైవాడు తన మాట వెనక్కి తీసుకోవాలంటే ఆఫ్ రాయకూడదు, నల్ (ఖాళీ) రాయాలి. అన్నీ ఖాళీ అయితే ముందే పెట్టుకున్న డిఫాల్ట్ విలువ వస్తుంది.

ఇక్కడే దెబ్బ తింటారు. ఒక భవనంలో టాయిలెట్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంది. షెడ్యూల్ ప్రతి సాయంత్రం ఆఫ్ రాస్తోంది, లాగ్‌లో కనిపిస్తోంది. ఫ్యాన్ ఆగదు. పట్టిక తెరిచి చూస్తే మెట్టు 8లో ఆన్ కూర్చుని ఉంది. కమిషనింగ్ రోజున ఎవరో చేత్తో ఆన్ చేసి చూసి, నల్ రాయకుండా వెళ్లిపోయారు. షెడ్యూల్ 16లో ఎన్ని ఆఫ్‌లు రాసినా 8 ముందు అవి నిలవవు. నల్ రాశాం, ఆ క్షణమే ఫ్యాన్ ఆగింది. అన్ని నెలలు ఊరికే తిరిగిన ఆ మోటార్ని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

#18 పాత_ప్యానెల్

చల్లగాలి గారు చెప్పినదానికి కేఎన్‌ఎక్స్‌లో చిన్న తమ్ముడు ఉన్నాడు. చాలా యాక్చుయేటర్లలో ఫోర్స్ ఆబ్జెక్ట్ అని రెండు బిట్లది ఉంటుంది, డీపీటీ 2.001. విలువ 3 వస్తే బలవంతంగా ఆన్, 2 వస్తే బలవంతంగా ఆఫ్. ఆ తర్వాత మామూలు స్విచింగ్ ఆబ్జెక్టుకి ఎన్ని టెలిగ్రాములు వచ్చినా ఛానెల్ కదలదు. 0 లేదా 1 వచ్చినప్పుడు విడిపోతుంది. నీళ్లు కారితే వాల్వ్ మూసి ఉంచడం, అగ్నిప్రమాద సంకేతం వస్తే దారి దీపాలు వెలిగించి ఉంచడం లాంటి వాటికి ఇదే వాడాలి. హాలు లైటుకి అవసరం లేదు.

విడిచిపెట్టే టెలిగ్రామ్ ఎవరు పంపుతారో ముందే తేల్చుకోండి. ఫ్యాన్ కథలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది.

#19 వెలుగుతోట

డాలీ (లైట్ల నియంత్రణకే ఉన్న బస్ పద్ధతి) వాడేవాళ్లు ఈ దారం చదువుతుంటే ఒక మాట. అక్కడ ఒక లైనులో 64 చిరునామాలు, 16 గ్రూపులు, 16 సీన్లు. ఏ గ్రూపుల్లో ఉన్నానన్నది లైటు డ్రైవర్‌లోనే నమోదై ఉంటుంది, ఒకే డ్రైవర్ 16 గ్రూపుల్లోనూ ఉండొచ్చు. అంటే అక్కడ కూడా ఆలోచన ఇదే, ఒక పరికరం, ఎన్నో పిలుపులు. కేఎన్‌ఎక్స్ గేట్‌వే పెడితే గ్రూపుల్ని డాలీ వైపు కట్టాలా, కేఎన్‌ఎక్స్ వైపు కట్టాలా అని అడుగుతుంటారు. పెద్ద హాల్లో ఇరవై లైట్లు కలిసి ఒకేసారి మారాలంటే డాలీ గ్రూపే మంచిది. ఒకే ఆదేశం వెళ్తుంది, అన్నీ కలిసికట్టుగా మారతాయి. విడివిడిగా ఇరవై ఆదేశాలు పంపితే ఒకదాని వెనక ఒకటి మారడం కంటికి తెలుస్తుంది.

#20 బస్‌లైన్

ఆ మాట కేఎన్‌ఎక్స్‌కీ వర్తిస్తుంది. బస్ వేగం సెకనుకి 9600 బిట్లు. ఒక చిన్న టెలిగ్రామ్‌కి, దాని రసీదుతో కలిపి సుమారు 20 మిల్లీసెకన్లు. 'అన్నీ ఆఫ్' ఒకే టెలిగ్రామ్ కాబట్టి నలభై లైట్లూ ఒకేసారి ఆరతాయి. కానీ ఆ నలభై ఛానెళ్లూ వెంటనే తమ స్టేటస్ పంపుతాయి. అది నలభై టెలిగ్రాములు, దాదాపు ఒక సెకను. ఎల్‌ఈడీలు వరసగా ఆరుతూ కనిపిస్తే కంగారు పడకండి. బస్ మీద వరస ఉంటుంది, ఢీకొని పోవడం ఉండదు.

ఆర్ ఫ్లాగ్ (ఎవరైనా విలువ అడిగితే జవాబు చెప్పే అనుమతి) సంగతి కూడా చెప్పేస్తాను. ఒక గ్రూప్ అడ్రసు మీద ఒక్క ఆబ్జెక్టుకే ఆర్ ఉండాలి, 1/4/1కి యాక్చుయేటర్ స్టేటస్‌కి మాత్రమే. కరెంటు పోయి వచ్చాక బటన్ 'ఎలా ఉంది' అని అడిగితే, రెండు బటన్లూ తమకి తోచింది జవాబు చెబితే గందరగోళం.

#21 మీటనొక్కు

కొత్తవైరు గారూ, ఇంటివాళ్లు వచ్చే ముందు ఇంకొకటి చూసుకోండి. 0/0/1ని ఏయే ఛానెళ్లకి కట్టారు? సాకెట్ ఛానెళ్లని కూడా ఒకేసారి ఎంచుకుని లాగి కట్టేయడం చాలామంది చేస్తారు.

#22 కొత్తవైరు

ఇప్పుడే చూశాను. ఫ్రిజ్ సాకెట్, వైఫై రౌటర్ సాకెట్ రెండూ 0/0/1కి కట్టి ఉన్నాయి. ఎనిమిదింటినీ ఎంచుకుని ఒకేసారి లాగాను, నిజమే. వాళ్లు ఊరెళ్తూ ఆ బటన్ నొక్కి ఉంటే ఏమయ్యేదో. రెండింటినీ తీసేశాను, మీటనొక్కు గారికి చాలా చాలా కృతజ్ఞతలు.

సెన్సర్‌ని 1/0/51కి మార్చి లాక్ కట్టాను. ప్రెజెన్స్ డిటెక్టర్ వేయాలని ఇంటివాళ్లతో రేపు మాట్లాడతాను. 'బయటికి' సీన్ 5కి పెట్టి, సేవ్ ఆపేశాను. సీన్‌తో హాలు లైటు ఆరగానే మానిటర్‌లో ఇలా వచ్చింది:

1.1.20 నుంచి 0/3/1 కి, విలువ 4.
1.1.5 నుంచి 1/4/1 కి, విలువ 0.

సీన్ 5 అంటే వైరు మీద 4, వెలుగుతోట గారు చెప్పినట్టే. దాని వెనకే లైటు తన జవాబు తానే చెప్పింది. తలుపు దగ్గర ఎల్‌ఈడీ, మెట్ల పైన ఎల్‌ఈడీ రెండూ ఆరాయి. తర్వాత తలుపు బటన్ ఒక్కసారి నొక్కాను. వెలిగింది.